కుదువ పెట్టిన దుప్పటి: యూదుల వారపు తౌరాత్ పారాయణంలో అప్పు ధర్మం

హైదరాబాదు నుంచి చేవెళ్ళ వైపు వెళ్ళే ప్రాంతంలో, మొయినాబాదు దగ్గర సురంగల్ అనే ఊరున్నది. పట్నం దగ్గరవుతున్న కొద్దీ ఇటువంటి పల్లెల్లో భూమి ధర పెరిగింది. అయితే భూమి ధర పెరిగినంత మాత్రాన విత్తనాల వేళకు చిన్న రైతు చేతిలో డబ్బు ఉండదు. బోరు ఎండినా, ఇంట్లో జబ్బు చేసినా, బిడ్డ పెళ్ళి కుదిరినా అప్పు కోసం ఒకరి గడప ఎక్కవలసిందే. ఆ గడపలో రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. కుదువ ఏం పెడతావు? మిత్తి ఎంత ఇస్తావు? నూటికి నెలకు 2 రూపాయలంటే సంవత్సరానికి 24; 3 రూపాయలంటే 36. లెక్క చిన్నదిగానే వినిపిస్తుంది. అది పెరిగి పెద్దదై ఇంటి మీద కూర్చున్న తరువాత గాని దాని బరువు తెలియదు.

అప్పిచ్చినవానికి తన సొమ్ము తిరిగి పొందే హక్కు ఉన్నది. ఇందులో ఎవరికీ సందేహం లేదు. అయితే ఆ హక్కుకు హద్దు ఏది? అప్పు తీసుకున్నవాని ఇంటిలోని ఏ వస్తువు మీద చేయి వేయవచ్చు, ఏ వస్తువును ముట్టరాదు? అతని సొమ్ము మీద హక్కు ఎక్కడ ముగిసి, అతని మనిషితనం మీద పెత్తనం ఎక్కడ మొదలవుతుంది? ఈ ప్రశ్నలకు దివ్యఖుర్ఆన్ స్పష్టమైన సమాధానం ఇచ్చింది. అంతకు పూర్వం హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు ఇవ్వబడిన ధర్మశాస్త్రంలో కూడా ఇవే ప్రశ్నలు చర్చించబడ్డాయి. యూదులు ఆ భాగాన్ని నేటికీ ఏటా ఒక వారం తమ ప్రార్థనా మందిరాల్లో చదువుతున్నారు. ఆ పారాయణాన్ని వారి పండితులు ఎలా వివరించారో తెలుసుకోవడం ముస్లిం పాఠకులకు ప్రయోజనకరం. ఎందుకంటే ఆ వివరణల్లో ఇతరుల సంగతి కన్న సొంత ఇంటి సంగతే ఎక్కువగా కనిపిస్తుంది.

వారపు పారాయణం

యూదుల వద్ద తౌరాత్ అంటే మూసా (అ)కు చెందినవిగా భావించే ఐదు గ్రంథాలు. వీటిని 54 భాగాలుగా విభజించారు. ఒక్కొక్క భాగాన్ని హీబ్రూలో ‘పరాషా’ అంటారు. ప్రతి శనివారం ఉదయం ప్రార్థనలో ఒక భాగం, కొన్ని వారాల్లో రెండు భాగాలు చదివి, సంవత్సరంలో గ్రంథమంతా పూర్తి చేస్తారు. సోమ, గురువారాల్లో కూడా రాబోయే భాగంలోని మొదటి వచనాలను చదువుతారు. శరత్కాలంలోని ‘సింహత్ తోరా’ పండుగనాడు చివరి భాగం ముగించి, అదే రోజున మళ్ళీ మొదటి నుంచి ఆరంభిస్తారు. ఆ విధంగా ఎవరికి ఇష్టమైన వచనాలను వారు ఏరుకొని, కష్టమైనవాటిని దాటవేసే వీలు లేకుండా పోయింది. వడ్డీ వ్యాపారి అయినా సరే, ఆ వారం వచ్చినప్పుడు వడ్డీ నిషేధాన్ని వినవలసిందే.

ఈ పారాయణ సంప్రదాయం తెలుగు నేలకు కూడా పూర్తిగా పరాయిది కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ‘బెనే ఎఫ్రాయిమ్’, అనగా ఎఫ్రాయిమ్ సంతతి, అనే పేరుతో ఒక చిన్న యూద సమాజం ఉన్నది. తాము ప్రాచీన ఇస్రాయీల్ గోత్రాల్లో ఒకదానికి చెందినవారమని వారంటారు. 1990ల ఆరంభంలో యాకోబి సోదరుల నాయకత్వంలో అక్కడ ప్రార్థనా మందిరం ఏర్పడింది. అంతకు ముందు ఈ కుటుంబాలు మాదిగ కులస్థులుగా, బాప్టిస్టు క్రైస్తవులుగా ఉండేవి. వారి వంశవాదాన్ని అందరూ అంగీకరించరు. 2013లో యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్‌లు వీరిపై ఒక పరిశోధన గ్రంథం వెలువరించారు. ఈ సమాజంలో అనేకులు వ్యవసాయ కూలీలు. అప్పు, కుదువ, కూలి అనే మాటలు అటువంటి వారికి శాస్త్రచర్చలు కావు, నిత్యజీవితం.

పాఠకులు ఇక్కడ ఒక సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. గ్రంథప్రజల చేతిలోని తౌరాత్ మార్పులకు లోనైనదని ముస్లింల విశ్వాసం. అదే సమయంలో తౌరాత్‌లో మార్గదర్శకత్వం, వెలుగు ఉన్నాయని ఖుర్ఆన్ (5:44) సాక్ష్యమిస్తున్నది. గ్రంథప్రజలు చెప్పేదాన్ని గుడ్డిగా ధ్రువీకరించవద్దని, గుడ్డిగా తిరస్కరించవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించినట్లు బుఖారీలో ఉన్నది. ఖుర్ఆన్, హదీసులను గీటురాయిగా ఉంచుకొని పరిశీలించడమే సరైన పద్ధతి.

సీనాయి తరువాత మొదటి మాట

అప్పు ధర్మాన్ని చెప్పే భాగం పేరు ‘మిష్పాతీమ్’. న్యాయవిధులు అని దీని అర్థం. వరుసలో ఇది 18వ భాగం. నిర్గమ గ్రంథంలోని 21 నుంచి 24 అధ్యాయాల వరకు ఉంటుంది. సాధారణంగా జనవరి చివర లేదా ఫిబ్రవరిలో చదువుతారు. మధ్యయుగపు ‘సెఫెర్ హహినూఖ్’ అనే గ్రంథం ఈ ఒక్క భాగంలో 53 ఆజ్ఞలను లెక్కించింది.

దీనికి ముందు వారం చదివే భాగంలో సీనాయి పర్వతం మీద దైవవాణి, పది ఆజ్ఞలు వస్తాయి. ఉరుములు, మెరుపులు, పొగ కమ్మిన కొండ వెనుకనే వచ్చేది బానిస, దెబ్బలాట, పొడిచే ఎద్దు, మూత వేయని గొయ్యి, అప్పు, కుదువ. ఇంత ఎత్తు నుంచి ఇంత కిందికి ఎందుకు దిగింది? 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో జీవించిన వ్యాఖ్యాత రషీ దీనికి చిన్న సమాధానం చెప్పాడు. ఈ భాగం ‘మరియు’ అనే సముచ్చయంతో మొదలవుతుంది. కాబట్టి మొదటివి సీనాయి నుంచి వచ్చినట్లే ఇవీ సీనాయి నుంచే వచ్చాయి. అనగా ఆరాధన దేవునిది, అప్పు మనుష్యులది అనే విభజన చెల్లదు. నమాజు, జకాత్‌ల ప్రస్తావన ఉన్న సూరయే అప్పు పత్రం వ్రాసుకునే విధానాన్ని కూడా సుదీర్ఘమైన ఆయతులో (2:282) వివరించడం ముస్లింలకు తెలిసిన విషయమే.

ఈ భాగంలోని మొట్టమొదటి విధి బానిసకు సంబంధించినది. హెబ్రీ దాసుడు 6 సంవత్సరాలు పనిచేసి, 7వ సంవత్సరం ఏమీ చెల్లించకుండానే విడుదల కావాలి. యూద పండితుల వివరణ ప్రకారం అతడు దొంగతనపు సొమ్ము చెల్లించలేక అమ్మబడినవాడో, పేదరికం వల్ల తన్ను తాను అమ్ముకున్నవాడో అయి ఉంటాడు. విడుదల చేసేటప్పుడు అతన్ని వట్టి చేతులతో పంపరాదని, మందలో నుంచి, కల్లంలో నుంచి కొంత ఇచ్చి పంపాలని ద్వితీయోపదేశ గ్రంథం (15వ అధ్యాయం) చేర్చింది.

ఒకవేళ దాసుడు విడుదల వద్దని, యజమాని వద్దనే ఉంటానని అంటే అతని చెవిని తలుపు వద్ద కదురుతో గుచ్చాలని ఉన్నది. చెవినే ఎందుకు? మొదటి శతాబ్దపు పండితుడు యొహానాన్ బెన్ జక్కాయ్ చెప్పిన కారణం తల్మూద్‌లో నమోదయింది. ఇస్రాయీల్ సంతతి తనకే దాసులని దేవుడు ప్రకటించగా సీనాయి వద్ద విన్నది ఆ చెవియే. విన్న తరువాత కూడా అతడు మరొక యజమానిని కోరుకున్నాడు. అందుకే ఆ గుర్తు. మనిషి మనిషికి దాసుడు కావడం పేదరికపు సమస్య మాత్రమే కాదని, తౌహీద్‌కు సంబంధించిన సమస్య అని ఈ వివరణ సారాంశం.

తెలంగాణాలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్నది. ఇక్కడ అప్పు కింద దొర ఇంట పాలేరుగా కుదిరి, ఆ అప్పు తీరక తరాల తరబడి పనిచేసిన కుటుంబాలున్నాయి. హైదరాబాదు రాజ్యంలో దీనిని ‘భగేలా’ అనేవారు. దీన్ని అదుపు చేయడానికి 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల నిబంధనను తెచ్చింది. కాని కాగితం మీది నిబంధన గడీ లోపలికి ప్రవేశించడం కష్టమైంది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశమంతటా అటువంటి చాకిరీని నిషేధించి, ఆ బాకీలే చెల్లవని ప్రకటించింది. మెడలను విడిపించడం, బాకీలో మునిగినవారిని ఆదుకోవడం ఈ రెండింటినీ ఖుర్ఆన్ (9:60) జకాత్ ఖర్చు పద్దుల్లో ఒకే ఆయతులో చేర్చింది. ఈ రెండు బంధాలు ఎంత దగ్గరివో దీనినిబట్టి గ్రహించవచ్చు.

అప్పివ్వడం ఐచ్ఛికమా?

మిష్పాతీమ్‌లో అప్పు గురించిన వచనం (22వ అధ్యాయం) ‘ఒకవేళ’ అనే పదంతో మొదలవుతుంది. పేదవానికి ఒకవేళ అప్పిస్తే అని. అయితే రబ్బీ ఇష్మాయేల్ అభిప్రాయంలో ఈ ‘ఒకవేళ’ ఐచ్ఛికాన్ని సూచించేది కాదు. శక్తి ఉన్నవాడు అప్పు ఇవ్వవలసిందే. 12వ శతాబ్దంలో కైరోలో నివసించి, అరబీ, హీబ్రూ రెండు భాషల్లోనూ వ్రాసిన మూసా బిన్ మైమూన్ దీనికి మరొక కారణం జోడించాడు. అతని దృష్టిలో అప్పివ్వడం దానం కంటే గొప్పది. దానం పొందేవాడు అప్పటికే చేయి చాచినవాడు. అప్పు దొరికినవాడు ఆ స్థితికి ఇంకా రాలేదు, రాకుండా కాపాడబడ్డాడు.

ఆ వచనమే అప్పిచ్చినవాడు బాకీదారు పట్ల ‘నోషె’లాగా, అనగా నెత్తి మీద కూర్చునే అప్పులవాడిలాగా, ప్రవర్తించరాదని ఆదేశిస్తున్నది. తల్మూద్ పండితులు దీన్ని ఎంత సూక్ష్మంగా తీసుకున్నారంటే, చెల్లించే స్థితిలో లేడని తెలిసిన బాకీదారు ఎదురుగా నడిచి వెళ్ళడం కూడా తప్పన్నారు. నోరు విప్పి అడగనవసరం లేదు. కంటబడితేనే అతని తల దించుకుపోతుంది. బాకీదారు ఇబ్బందిలో ఉంటే సౌలభ్యం కలిగేవరకు గడువివ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని ఖుర్ఆన్ (2:280) ఆదేశించింది. అటువంటివానికి అల్లాహ్ తన నీడలో చోటిస్తాడని సహీహ్ ముస్లింలోని హదీసు శుభవార్త వినిపిస్తున్నది.

అయితే ధర్మం ఒక వైపే లేదు. స్తోమత ఉండి కూడా బాకీ వాయిదా వేయడం దౌర్జన్యమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బాకీతో మరణించిన ఒక వ్యక్తి జనాజా నమాజు చేయించడానికి ఆయన వెనుకాడగా, అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తనపై వేసుకున్న తరువాతనే చేయించారు. తీసుకొని తిరిగి ఇవ్వనివాణ్ణి యూద గ్రంథాలు కూడా దుష్టుల్లోనే లెక్కించాయి.

సూర్యాస్తమయం లోపల

ఇక కుదువ సంగతి. పొరుగువాని వస్త్రాన్ని కుదువగా తీసుకుంటే పొద్దు గూకేలోగా తిరిగి ఇవ్వాలని మిష్పాతీమ్ నిర్దేశిస్తున్నది. పగలు కప్పుకునేదీ, రాత్రి పరచుకునేదీ అతనికి అదొక్కటే; అది లేకుండా అతడు దేనిలో పడుకుంటాడు? అతడు మొరపెట్టుకుంటే దేవుడే వింటాడని ఆ వచనం ముగుస్తుంది.

ఇది ఊహాజనితమైన విషయం కాదు. 1960లో పాలస్తీనా తీరాన, యావ్నె దగ్గరి ఒక ప్రాచీన కోటలో సిరాతో వ్రాసిన కుండపెంకు దొరికింది. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దం చివరి భాగానికి చెందిన ఆ హీబ్రూ వ్రాత ఒక కోతకూలీ విన్నపం. తన వంతు కోత పూర్తిచేసి ధాన్యం కొలిచి పెట్టినా అధికారి తన వస్త్రం లాక్కున్నాడని, తోటి కూలీలు సాక్ష్యం చెబుతారని, దయతో తన వస్త్రం ఇప్పించమని అతడు పాలకుణ్ణి వేడుకున్నాడు. అక్కడ వస్త్రం అప్పు కింద పోయిందని చెప్పలేము. కాని ఒక కూలీకి ఒక బట్ట ఎంతటిదో ఆ పెంకు చెబుతున్నది.

పండితులు ఈ నియమాన్ని బట్ట దగ్గరే ఆపలేదు. రాత్రి వాడే దుప్పటిని రాత్రికి, పగలు వాడే నాగలిని పగటికి తిరిగి ఇవ్వాలని మిష్నా నిర్ణయించింది. అప్పిచ్చినవాడు కుదువ కోసం బాకీదారు ఇంట్లో అడుగు పెట్టరాదు, బయటే నిలవాలి. తిరుగలి రాయిని కుదువ పట్టరాదు. అది ఇంటిల్లిపాది తిండి. విధవరాలి వస్త్రాన్ని ముట్టరాదు. రోజూ తిరిగి ఇవ్వవలసివస్తే ఆ కుదువ వల్ల లాభమేమిటని ప్రశ్న రావచ్చు. కుదువ ఉన్నది బాకీని గుర్తుచేయడానికే గాని, బాకీదారును బ్రతకకుండా చేయడానికి కాదన్నదే ఇందులోని ఉద్దేశం.

ఇస్లాంలో కుదువ, అనగా రహన్, ధర్మసమ్మతమే. దైవప్రవక్త (స) పరమపదించేనాటికి ఆయన కవచం 30 సాఉల బార్లీ కోసం ఒక యూదుని వద్ద కుదువలో ఉన్నదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అరబ్బు నేల నేత స్వయంగా బాకీదారు స్థానంలో నిలిచారు. కుదువ పట్టినవాడు పర మతస్థుడు, ఆయన పాలనలోని వాడు; అయినా అతని హక్కుకు భంగం కలగలేదు. అదే సమయంలో కుదువ వస్తువు నుంచి లాభం పొందాలనే షరతు వడ్డీ కిందికే వస్తుందని ధర్మవేత్తలు పేర్కొన్నారు. కుదువ పొలాన్ని అప్పిచ్చినవాడే దున్నుకొని పంట తింటూ, అసలు మాత్రం అలాగే నిలిపి ఉంచడం పల్లెల్లో మామూలైపోయింది. ‘మేము మిత్తి తీసుకోవడం లేదు’ అని చెప్పుకునే ముస్లింలు ఈ పద్ధతిని ఒకసారి పరిశీలించుకోవాలి.

కాటు, పెరుగుదల, దుమ్ము

వడ్డీకి తౌరాత్‌లో రెండు పదాలున్నాయి. ఒకటి ‘నెషెఖ్’, కాటు అని అర్థం. పాము కాటు మొదట చిన్న గాయమే. విషం తరువాత పైకి పాకుతుందని రషీ వివరించాడు. రెండవది ‘తర్బీత్’, పెరుగుదల. ఇది అరబీలోని ‘రిబా’కు తోబుట్టువు, రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి.

వడ్డీ పాపం ఎవరెవరికి చుట్టుకుంటుంది? ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, జామీను, సాక్షులు, పత్రం వ్రాసినవాడు, వీరంతా దోషులని మిష్నా చెబుతున్నది. వడ్డీ తినేవాణ్ణి, తినిపించేవాణ్ణి, దాన్ని వ్రాసేవాణ్ణి, ఇద్దరు సాక్షులను దైవప్రవక్త (స) శపించి, వీరంతా సమానులేనని చెప్పినట్లు జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. స్పష్టమైన వడ్డీ కాకపోయినా దాని వాసన ఉన్నదాన్ని యూద పండితులు ‘వడ్డీ దుమ్ము’ అన్నారు. అలవాటు లేని బాకీదారు అప్పిచ్చినవానికి ముందుగా సలాం చెప్పడాన్ని కూడా వారు అనుమానించారు.

ఇక్కడ అబ్దుల్లాహ్ బిన్ సలామ్ (రజి) మాట గమనార్హం. ఆయన మదీనా యూద పండితుల్లో ఒకరై, ఇస్లాం స్వీకరించిన సహాబీ. వడ్డీ ప్రబలిన ప్రాంతంలో నివసిస్తున్న అబూ బుర్దాకు ఆయన హితవు చెప్పారు. నీకు బాకీ ఉన్నవాడు మోపెడు గడ్డిగాని, బార్లీగాని, పశువుల మేతగాని కానుకగా తెస్తే తీసుకోవద్దు, అదీ వడ్డీయే. బుఖారీలోని ఈ హితవు ముస్లిం ధర్మశాస్త్రంలో భాగమైంది. సురంగల్ వంటి పల్లెలో బాకీదారు తెచ్చి గుమ్మంలో పెట్టే పాలచెంబుకు, కూరగాయల గంపకు కూడా ఇదే కొలబద్ద వర్తిస్తుంది.

దారి తప్పిన చోటు

ఇంత స్పష్టంగా ఉన్న ధర్మం ఆచరణలో ఎక్కడ సడలింది? నిషేధించినప్పటికీ యూదులు వడ్డీ తీసుకున్నారని ఖుర్ఆన్ (4:161) ఎత్తిచూపింది. తౌరాత్ వడ్డీని నిషేధించిందనడానికి ఈ ఆయతే ఖుర్ఆన్ సాక్ష్యం. ఇప్పుడున్న తౌరాత్ ప్రకారం సోదరుని వద్ద వడ్డీ కూడదు గాని అన్యుని వద్ద తీసుకోవచ్చు (ద్వితీయోపదేశం, 23). ఏడవ ఏట విడుదల కూడా హెబ్రీ దాసునికే చెప్పబడింది. అన్యుని వద్ద కూడా తీసుకోకపోవడమే ఉత్తమమన్న అభిప్రాయం తల్మూద్‌లో ఉన్నది. కాని మధ్యయుగపు ఐరోపాలో భూమి, అనేక వృత్తులు అందనివ్వకుండా చేసి, వడ్డీ వ్యాపారం మాత్రం తెరిచి ఉంచినప్పుడు ఈ సడలింపు పెద్ద ద్వారమైంది.

సమాజం లోపల కూడా సమస్యలు వచ్చాయి. ఏడవ ఏట బాకీలు రద్దవుతాయని ధనికులు అప్పులివ్వడం మానుకోగా, బాకీని న్యాయస్థానానికి అప్పగించే ‘ప్రొజ్బూల్’ పత్రాన్ని హిల్లెల్ ప్రవేశపెట్టాడు. పేదవానికి అప్పు పుట్టడమే అతని ఉద్దేశం. తరువాతి కాలంలో పోలెండు పండితులు ‘హెతేర్ ఇస్కా’ అనే పత్రాన్ని స్థిరపరచారు. ఇందులో అప్పు భాగస్వామ్యంగా మారుతుంది. ఇది కొంతవరకు ఇస్లామీయ ముదారబాను పోలినది. అయితే నిజమైన లాభనష్టాల్లో పాలు పంచుకోకుండా, పేరు మాత్రం భాగస్వామ్యమని పెడితే మిగిలేది పాత వడ్డీయే.

ఇది చదివి యూదులను ఆక్షేపించి ఊరుకోవడం సులభం. కాని ముస్లింల చరిత్రలో ఇదే జరిగింది. ఒక వస్తువును వాయిదా మీద ఎక్కువ ధరకు అమ్మి, అక్కడికక్కడే తక్కువ ధరకు తిరిగి కొనే ‘ఈనా’ బేరం వడ్డీకి వేసిన ముసుగని పలువురు ధర్మవేత్తలు ఖండించారు. దారుల్ హర్బ్‌లో ముస్లిమేతరుల వద్ద అదనం తీసుకోవచ్చన్న ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయాన్ని ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ సైతం అంగీకరించలేదు. సోదరుడు వేరు, అన్యుడు వేరు అనే ఆ పాత సడలింపే వేరొక పేరుతో ముస్లిం ఇంట ప్రవేశించకుండా చూసుకోవలసిన బాధ్యత ఉన్నది.

హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఈ నగరంలోని వడ్డీలేని రుణ సంఘాల ప్రయత్నాలను తన రచనల్లో నమోదు చేశారు. ఖర్జె హసనా కేవలం ప్రసంగాల్లోని మాట కాదని, నలుగురు పూనుకుంటే నడిచే వ్యవస్థేనని ఆ ప్రయత్నాలు నిరూపించాయి. పట్నంలో సాధ్యమైనది పల్లెలో అసాధ్యం కానక్కరలేదు. జుమా నమాజుకు కూడే ఒక చిన్న జమాఅత్ కూడా విత్తనాల వేళకు నలుగురు రైతులను, వారు ముస్లింలైనా కాకపోయినా, వడ్డీ వ్యాపారి గడప ఎక్కకుండా ఆపగలదు.

యూదులకు మిష్పాతీమ్ ఏడాదికి ఒకసారి వస్తుంది. ముస్లింలకు సూరె బఖరాలోని ఆయతులు ఏ రోజైనా ఎదురుకావచ్చు. సురంగల్‌లోగాని, కొత్తరెడ్డిపాలెంలోగాని, అప్పు కోసం వచ్చినవాడు గడప ముందు నిలిచినప్పుడు ఆ ధర్మం చదవబడిందా లేదా అన్నది తేలిపోతుంది. ఈ రాత్రి అతడు దేన్ని కప్పుకొని పడుకుంటాడని అప్పిచ్చేవాడు తన్ను తాను అడుగుకుంటే, ఆ పారాయణం ఫలించినట్లే.